నాన్న చొక్కాలు, తాళం వేసిన గాగుల్స్

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు మళ్ళీ తెరిచిన రెండో ఏడాది అది. పుంగనూరులో మా మహిళా డిగ్రీ కాలేజీ, మొదటి అంతస్తులో చివరి గది, కెమిస్ట్రీ ల్యాబ్. ఆ ల్యాబ్‌లో భారతి అనే అమ్మాయి కన్ను పోకుండా హేమలత మేడం కాపాడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్లు మొదటి వారంలోనే ఆ కథ అప్పజెప్పేస్తారు. మొన్న మదనపల్లె బస్సులో నా పక్కన కూర్చున్నావిడ నేను ఏ కాలేజీయో తెలుసుకుని, "ఆ కుప్పం మేడం ఉండె కదమ్మా, బిడ్డ కన్ను నిలబెట్టిన ఆమె, బాగుండాదా?" అని నన్నే అడిగింది. "బాగుండాది" అన్నాను. ఇంకేమంటాను?

ఆ కథ సరైనది కాదు. మొత్తం అబద్ధమైతే కొట్టిపారేసి ఊరుకునేదాన్ని. సగం నిజం ఉంది కాబట్టే నాకింత మంట. ఆ రోజు అక్కడ ఉన్నదాన్ని నేను. నీళ్ళు పోసింది నేను. మిగతా సగం నేను చెప్తాను, అందులో నాకు పేరు తెచ్చే ముక్కలతోపాటు పరువు తీసే ముక్క కూడా ఉంది.

మాది మదనపల్లె. పొద్దున బస్సెక్కి పుంగనూరు వచ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళడం ఇరవై ఏళ్ళకు పైగా నా దినచర్య. ఈ ల్యాబ్ ఇన్‌చార్జిని నేనే. పిల్లలు నా ముందు "పెద్ద మేడం" అంటారు, నా వెనక "కాస్టిక్ మేడం" అంటారు. తెలుసు. నేను చెప్పని జాగ్రత్త లేదు. జడ ముడేసుకో, చున్నీ వెనక్కి తిప్పి కట్టుకో, వేళ్ళు కప్పే చెప్పులు వేసుకో, టెస్ట్ ట్యూబ్ మూతి ఎవరి ముఖం వైపూ తిప్పకు, నీ ముఖం వైపు అసలే తిప్పకు. తలూపేవాళ్ళు. నేను అటు తిరగ్గానే చున్నీ ముందుకొచ్చేది. ల్యాబ్ కోట్లు కుట్టిద్దామని ప్రతి జూన్‌లో ప్రిన్సిపాల్‌తో పోట్లాడేదాన్ని. "వచ్చే ఏడు చూద్దాం మేడం" అనేవారు. ఆయనకు వచ్చే ఏడు ఎప్పుడూ వచ్చే ఏడే.

గాగుల్స్ మాత్రం ఉండేవి. మంచివి, ముప్పై. ముఖానికి చుట్టూ రబ్బరు అంచుతో అతుక్కుని, ఏ పక్కనుంచీ ద్రవం లోపలికి దిగకుండా ఉండేవి. వీటిని స్ప్లాష్ గాగుల్స్ అంటారు. ఎప్పుడో ఒక తనిఖీ కోసం తెప్పించారు. మా కాలేజీల్లో ఒక పద్ధతి ఉంది, బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. తనిఖీ బృందం వస్తుందంటే ముందురోజు బీరువా తెరిచి గాగుల్స్ తీస్తాం, తుడిచి బల్ల మీద వరసగా పేరుస్తాం. వాళ్ళు చూసి, "వెరీ గుడ్" అని, టీ తాగి వెళ్తారు. మళ్ళీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బీరువాలో దాస్తాం. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో. ఒక్కదాని మీదా గీత పడనివ్వలేదని నాకు గర్వంగా కూడా ఉండేది. పగిలే గాజు సామాను పిల్లల చేతికిచ్చి, కళ్ళు కాపాడేవాటిని బీరువాలో పెట్టడం ఎంత తలకిందుల పనో, అందరూ అలాగే చేస్తుంటే కనబడదు.

అట్లాంటి సమయంలో హేమలత వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. కుప్పం పిల్ల, పుంగనూరులో గది తీసుకుని ఉండేది. బోర్డు మీద ఆమె రాసే అక్షరాలు కోడి గెలికినట్టు ఉండేవి. ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసేటప్పుడు తడబడేది, పిల్లలే సరిదిద్దేవాళ్ళు, ఆమె నవ్వేది. అదే నేను తడబడితే? నెల తిరక్కుండానే ఆమె బల్ల మీద మల్లెపూలు, టిఫిన్ డబ్బాలో రాగి లడ్డూలు, సీతాఫలాలు. రోజూ ఎవరో ఒకరు. నా బల్ల మీద ఇరవై ఏళ్ళలో వచ్చినవి రికార్డు పుస్తకాలే. "మేడం, సగం తినండి" అని ఆమె లడ్డూ నా వైపు జరిపితే, "షుగరు" అన్నాను. నాకు షుగరు లేదు.

ఒకరోజు ప్రాక్టికల్స్ ముందు పిల్లల్ని నిలబెట్టి అడిగింది. "ఏమ్మా, మీ ఇండ్లల్లో నాయనకు పాత సొక్కాలు ఉండాయా? ఫుల్ చేతులవి, నూలువి?"

"ఉండాయి మేడం. యాల మేడం?"

"రేపు తలా ఒకటి తెచ్చుకోండి. డ్రెస్ మీద ఏసుకోండి. మన ల్యాబ్ కోట్లు అవే."

మర్నాడు నా ల్యాబ్‌లోకి అడుగుపెడితే నా కళ్ళను నేనే నమ్మలేదు. గళ్ళ చొక్కాలు, చారల చొక్కాలు, ఒక బస్సు డ్రైవర్ గారి ఖాకీ చొక్కా. మోకాళ్ళ దాకా వేలాడుతూ, చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టి, చున్నీలు లోపల మూట కట్టి ఇరవైమంది. నేను ఇన్నేళ్ళు అరిచినా వెనక్కి పోని చున్నీ ఒక్కరోజులో మాయం. ఒకమ్మాయి జేబులో చెయ్యి పెట్టి కేకేసింది. "మేడం, మా నాయన బీడీ కట్ట మర్సిపొయినాడు!" ల్యాబ్ అంతా నవ్వు.

"హేమలతా, ఇది ల్యాబా, టమోటా మండీనా?" అన్నాను.

"మండీ అనే అనుకోండి మేడం," అంది నవ్వుతూనే. "చేతులు కాలకుంటే సాలు."

ప్రిన్సిపాల్ వచ్చి చూసి, ఫోన్‌లో ఫొటోలు తీసి, "ఎంత మంచి ఆలోచన!" అని నా ముఖం చూసి మరీ అన్నారు. నైలాన్ అయితే మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది, నూలు అంటుకోదు. ఇది క్లాసులో ఏటా చెప్పేది నేనే. నూలు చొక్కా ప్రతి ఇంట్లో దండెం మీద వేలాడుతూ ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు. ఆ ఆలోచన నాది ఎందుకు కాలేదని రోజూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని కుళ్ళుకున్నాను.

తర్వాతి వారం స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి నా ముందు నిలబడింది.

"మేడం, బీరువా తాళంచెవి ఇస్తారా? గాగుల్స్ తీద్దాం."

"తనిఖీ దగ్గరికొచ్చింది. గీతలు పడతాయి."

"పడనీండి మేడం. కండ్లకన్నానా?"

"కళ్ళ సంగతి నాకు నేర్పొద్దమ్మా. నువ్వు పలకాబలపం పట్టుకున్నప్పుడు నేను ఈ ల్యాబ్‌లో ఉన్నాను."

హేమలత వెళ్ళిపోయింది. ఆ ఆదివారం మదనపల్లె వెళ్ళి, హార్డ్‌వేర్ కొట్లో గ్రైండింగ్ పనివాళ్ళు పెట్టుకునే తెల్ల కళ్ళద్దాలు పిల్లలందరికీ తెచ్చింది. పిల్లలు కాడల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకుని, సెల్ఫీలు దిగి, పెట్టిన అద్దాలు తీయకుండా కారిడార్‌లో తిరిగారు.

నేను ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. పిల్లల ముందే చెప్పాను. "ఇవి ఎదురుగా వచ్చే ఇనప రజను ఆపుతాయి. పక్కన చూడు, వేలు పట్టేంత సందు. ద్రవం చిమ్మితే ఈ సందులోంచి నేరుగా కంట్లోకి దిగుతుంది. వీటిని కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాడరు." నేను చెప్పింది అక్షరాలా నిజం. ఈ రోజుకూ ఏ కెమిస్టునైనా అడగండి.

ఆమె పిల్లల్ని పంపించేసి, తలుపు దగ్గరికి వేసి అంది. "మీరు సెప్పింది కరెక్టే మేడం. నాకూ తెలుసు. అందుకే ఇంగోసారి అడగతాండాను. ఆ ముప్పై తీద్దాం మేడం."

"తనిఖీ అయిపోనీ" అన్నాను.

తనిఖీ ఒక సాకు. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ గాగుల్స్ బయటికొస్తే చొక్కాల మాదిరి అవి కూడా హేమ మేడం గాగుల్స్ అయిపోతాయని నా బాధ. ఇన్నేళ్ళు "కళ్ళు, కళ్ళు" అని అరిచిన నోరు నాది. ఆ అద్దాలు పనికిరావని ఏదో ఒక చిన్న సంగతితో తేలిపోతే బాగుండునని కూడా మనసులో అనుకున్నాను. చిన్న సంగతే. ఏ చేతి మీదో ఒక చుక్క పడి, నా మాట నెగ్గితే చాలనుకున్నాను.

భారతిది పెద్దపంజాణి దగ్గర పల్లె. వాళ్ళ నాన్న మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో క్రేట్లు ఎత్తే పని చేసేవాడు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. కానిస్టేబుల్ సెలక్షన్‌కు పోతానని అందరికీ చెప్పేది, పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగెత్తేది.

ఆ మధ్యాహ్నం సాల్ట్ అనాలిసిస్. ఇచ్చిన ఉప్పులో ఏముందో వరసగా పరీక్షలు చేసి పట్టుకోవడం. అందులో ఒక పరీక్షకు ఉప్పును సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా ద్రావణంతో వేడి చేసి, అమ్మోనియా వాసన వస్తుందేమో చూడాలి. ట్యూబును వంచి, కదుపుతూ, మంటకు చూపీ చూపనట్టు వేడి చేయాలి. అడుగున నిలకడగా మంట పెడితే లోపలి ద్రవం ఒక్కసారిగా పైకెగిసి చిమ్ముతుంది. దాన్ని బంపింగ్ అంటాం. భారతికి సాయంత్రం బస్సు తొందర. అడుగున మంట పెట్టింది. వాసన కోసం చేత్తో విసురుకోకుండా ముఖం మూతి మీదికి వంచింది.

నేను పక్క గదిలో త్రాసులు సర్దుతున్నాను. కేక వినిపించింది. నేను వచ్చేసరికి భారతి రెండు చేతులతో ముఖం కప్పుకుని కూలబడింది. హేమలత ఆమె పక్కన కొయ్యబారి నిలబడింది.

యాసిడ్ కన్నా కాస్టిక్ కంటికి పెద్ద శత్రువు. యాసిడ్ చాలావరకు పైపొరను కాల్చి అక్కడ ఆగుతుంది. కాస్టిక్ కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. నీళ్ళు తప్ప వేరే మందు లేదు, అదీ క్షణాల్లో. ఆ పిల్లను జబ్బ పట్టి లాగి సింకు మీదికి వంచాను, అద్దాలు తీసి పారేసి, కొళాయి తిప్పాను.

"మేడం, ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పొయ్యండి, న్యూట్రల్ అవుతుంది!" అని ఒక తెలివైన పిల్ల సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అది కన్నే, నీ బ్యూరెట్ గొట్టం కాదు! పక్కకు పో."

అటెండర్ మునెమ్మ గుమ్మంలో గుండెలు బాదుకుంటోంది. "ముందు ఆస్పత్రికి పోదాం మేడం, నీల్లతో ఏమైతాది? రెండు సుక్కలు ఆముదం ఏస్తే..."

"ఆముదం తెచ్చినావంటే నీ నెత్తిన పోస్తా. కారు తీయమని ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పు, పో."

నాలుగు నిమిషాలకు కొళాయి గురగురమని ఆగిపోయింది. ట్యాంకులో నీళ్ళు లేవు. అప్పుడు హేమలతకు స్పృహ వచ్చింది. న్యాయంగా చెప్పాలి, స్టాఫ్ రూములోంచి ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఒక్కతే భుజాన మోసుకొచ్చింది, దింపి మళ్ళీ ఇంకోదానికి పరుగెత్తింది. ఆమె బీకరుతో అందిస్తుంటే నేను పోస్తూనే ఉన్నాను. భారతి కళ్ళు గట్టిగా మూసేసుకుంటోంది. రెప్పలు నా వేళ్ళతో విడదీసి పట్టుకున్నాను.

"కన్ను పొయ్యిందా మేడం? పొయ్యిందా? సెలక్షన్‌లో కన్ను సూస్తారు మేడం..."

"అరిచింది చాలు. నోరు మూసి కన్ను తెరువు."

"మండతా ఉండాది..."

"మండనీ. తెరువు. పైకి చూడు. నా మీద కోపమంతా తెచ్చుకుని తెరువు."

గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు దాటేదాకా వదల్లేదు. కారులో మదనపల్లె దాకా నేను పోస్తూనే వెళ్ళాను, హేమలత ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది.

కంటి డాక్టరు రంగుకాగితం ముక్క రెప్ప లోపల ఆనించి చూశారు. కాస్టిక్ మిగిలిందో లేదో అది చెబుతుంది. కాగితం రంగు మారలేదు. నల్లగుడ్డు మీద లైటు వేసి చాలాసేపు చూసి, "ఎవరు కడిగారు?" అన్నారు.

"నేను."

"ఎంతసేపు?"

చెప్పాను. ఆయన తలూపారు. "కన్ను నిలిచిందంటే ఆ నీళ్ళ వల్ల, ఇంకొకటి అద్దాల వల్ల. ఈ చుట్టూ చూడండి." భారతి బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రటి చుక్కలు. కళ్ళ చోట మాత్రం అద్దం ఆకారంలో చర్మం ఖాళీగా ఉంది. కుడి కన్ను బయటి మూల మాత్రం పాలలా తెల్లబడింది. "ఇక్కడ సందులోంచి దిగింది. చుట్టూ మూసుండే గాగుల్స్ లేవా మీ కాలేజీలో?"

"ఉన్నాయి" అన్నాను.

"ఉంటే?"

ఇరవై ఏళ్ళలో నాకు జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే.

"ఈ వారం పంచాల్సి ఉండె సార్," అంది హేమలత నా పక్కనుంచి. "నేనే లేట్ చేసినాను."

నేను ఆమె వైపు తిరిగి చూడలేదు.

సాయంత్రం భారతి నాన్న వచ్చాడు. మండీ నుంచి నేరుగా, టమోటా రసం మరకల బట్టలతోనే. కంటికి పట్టీ వేసుకుని మంచం మీద కూర్చున్న కూతుర్ని చూశాడు, ఆమె ఒంటి మీద ఛాతీ దగ్గర చిల్లులు పడిన నీలం గళ్ళ చొక్కా చూశాడు.

"నా సొక్కా గదా ఇది?"

"కాలి పొయ్యింది నాయనా," అని భారతి ఏడ్చింది.

"పోతే పోయె. ఇంగో రెండుండాయి ఇంట్లో. అవీ కాల్చుదువులే." తర్వాత హేమలత ముందుకు వెళ్ళి చేతులు జోడించాడు. "మీ గురించే సెప్తా ఉంటాదమ్మా ఎప్పుడూ. ఆ అద్దాలు మీరు ఇప్పించినారంట. నా బిడ్డ కన్ను నిలబెట్టినారు."

నేను రెండడుగుల దూరంలో, నడుము దాకా తడిసిన చీరతో నిలబడి ఉన్నాను. నేనెవరో ఆయన అడగలేదు. "అన్నా, నీల్లు పోసింది ఈ మేడమే," అని హేమలత నన్ను చూపించింది. ఆయన నాకూ దండం పెట్టాడు, కానీ అది మర్యాదకు పెట్టిన దండం. తేడా నాకు తెలుస్తుంది.

కథ అక్కడ పుట్టింది. పది రోజుల్లో కాలేజీలో సభ పెట్టి హేమలతకు శాలువా కప్పారు. "పెద్ద మేడం కూడా రావాల" అని ఆమె మైకులో పిలిచింది. మోకాలు నొప్పని కూర్చునే ఉండి చప్పట్లు కొట్టాను. ఆ శాలువా రంగు కూడా బాగాలేదు.

కానీ సభకు ముందే, ఆస్పత్రి మర్నాడే, మొదటి బస్సుకు వెళ్ళి బీరువా తెరిచాను. ముప్పై కవర్లూ కత్తెరతో చింపేశాను. గాగుల్స్ గుమ్మం పక్కన తలుపుల్లేని అరలో పెట్టాను. హేమలత వచ్చి, అరలోంచి ఒకటి తీసి చూసింది.

"గీతలు పడతాయి మేడం."

"పడనీ."

అంతే. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ మాట్లాడలేదు.

భారతి కంటికి నెలన్నర పట్టింది. బయటి మూలన నూకగింజంత తెల్ల మచ్చ మిగిలింది, చూపుకు అడ్డం కాదు. సెలక్షన్‌కు వెళ్ళింది. పరుగులో తప్పింది, కంటి పరీక్షలో తప్పలేదు. మళ్ళీ వెళ్తానంది. ఆ కబురు ముందు హేమలతకు ఫోన్ చేసి చెప్పింది, నాకు మర్నాడు.

నేను నేర్చుకున్నది చెప్పమంటే చెప్తాను, నాకు నచ్చకపోయినా. జాగ్రత్త నోట్లో ఉంటే చాలదు, చేతికందే ఎత్తులో ఉండాలి. గీతలు పడిన గాగుల్స్ ఉన్న ల్యాబే మంచి ల్యాబ్. కొళాయిని నమ్మకుండా నీళ్ళు నింపిన డ్రమ్ము సింకు పక్కన ఉంచాలి. నేనిప్పుడు మా ఆయన పాత చొక్కా వేసుకుని ల్యాబ్‌లోకి వెళ్తాను. ఆలోచన ఆమెది. ఒప్పుకున్నాను కదా, ఇక చాలు.

హేమలత మరుసటి ఏడాది కుప్పంలో కాలేజీకి వెళ్ళిపోయింది. మొన్న ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను ఎగ్జామినర్‌గా అక్కడికే వేశారు. ఆమె ల్యాబ్ చూశాను. గుమ్మం పక్కన గోడకు కొక్కేలు, ప్రతి కొక్కేనికీ పిల్ల పేరు, పేరు కింద చుట్టూ రబ్బరున్న గాగుల్స్. నా తెరిచిన అర కంటే మెరుగ్గా ఉంది. చూసి కడుపు మండింది. రామకుప్పం నుంచి ఎవరో పిల్ల తెచ్చిందని రాగి లడ్డూ పెట్టింది, ఈసారి షుగరు అనలేదు, తిన్నాను. బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించింది. అడుగుదామనుకున్నది నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ ఎవరూ లేనప్పుడు, గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినబడేట్టు అడిగావు. మూడోసారి ఆ ఇరవైమంది పిల్లల ముందు, గట్టిగా, నా ముఖం మీద అడిగి ఉంటే సిగ్గుకైనా తాళంచెవి తీసి ఇచ్చేదాన్ని. నా పరువు కన్నా ఆ పిల్ల కన్ను పెద్దదని నీకు తెలుసు కదా. మరి యాల అడగలేదు హేమా?